మూడు నాలుగు నంబరు ఖాళీ ఇల్లు

ఒకప్పుడు అక్షరాలకు ఇంటి నంబర్లు లేవు. తాటాకు దొరికితే తాటాకు మీద, గోడ దొరికితే గోడ మీద, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చునేవి. ఎంత హాయి రోజులవి!

తర్వాత కంప్యూటర్ ఊరు కట్టారు. ఆ ఊళ్లో ఒకటే పేచీ. నంబరున్న ఇల్లు లేకపోతే ఏ అక్షరాన్నీ పొలిమేర దాటనివ్వరు.

ఇళ్లు కట్టే మేస్త్రి పేరు గవరయ్య. ముందు హిందీ వీధికి ప్లాన్ గీశాడు. మళ్లీ గీయాలంటే బద్ధకం. అదే ప్లాన్ తెచ్చి ఎదురుగా తెలుగు వీధిలోనూ పరిచేశాడు. హిందీ क ఇంటి నంబరు చివర ఒకటి ఐదు ఉంటే, తెలుగు క నంబరు చివరా ఒకటి ఐదే. నంబరు మొదట్లో ఉండే వీధి గుర్తు మాత్రం వేరు. అలా ఒకే ధ్వని ఉన్నవాళ్లు ఎదురెదురు ఇళ్లలో పడ్డారు. ఇక అరుగుల మీద కబుర్లే కబుర్లు.

మూడు నాలుగు నంబరు దగ్గర గవరయ్య ఆగిపోయాడు. హిందీ వీధిలో ఆ ఇల్లు ऴది. కాలి దగ్గర చుక్క ఉంటుందని అందరూ ఆమెను చుక్కమ్మ అనేవారు. నాలుక బాగా వెనక్కి మడిచి పలకాలి ఆమెను. హిందీలో ఆ ధ్వని లేదు. దక్షిణాది మాటలు రాసుకోవడానికి ఆమెను చేసుకున్నారంతే. పాపం, ఆమె తలుపు తట్టేవాళ్లే లేరు.

"తెలుగు వీధిలో ఈ ఇంటికి ఎవరూ లేరే!" అన్నాడు గవరయ్య.

"అయితే నాకిచ్చెయ్యండి," అంది పక్కింటి వ. అప్పుడే మూట కూడా కట్టేసుకుంది.

చుక్కమ్మ వీధి దాటి పరుగెత్తుకొచ్చింది.

"ఇవ్వకండి బాబూ! అది మా పెద్దమ్మ ఇల్లు. ఆవిడదీ నాదీ ఒకే ధ్వని. మా వీధిలో నాతో గొంతు కలిపేవాళ్లు ఒక్కరూ లేరు. ఆవిడైనా వస్తే..."

"ఎవరమ్మా ఆ పెద్దమ్మ? ఈ కాలం పుస్తకాల్లో ఎక్కడా కనపడదే!" అన్నాడు గవరయ్య.

"ఒకప్పుడు చోళ రాజుల పేర్లలో ఆవిడే ఉండేది. మీ నాలుకలే ఆవిడను మరిచిపోయాయి. ఒక మాటలో డ వచ్చి కూర్చుంది, ఇంకో మాటలో ళ వచ్చి కూర్చుంది. ఆవిడ కడప వైపు శాసనాల రాళ్ల మీద ఎండకు ఎండుతోంది, వానకు తడుస్తోంది."

వ మూట విప్పేసింది. "వద్దులెండి. నేను జరిగితే ఎదురింటి व నాకు ఎదురుగా ఉండదు. నా వెనకాల శ, ష, స, హ కూడా జరగాలి. అందరి కబుర్లూ పాడవుతాయి," అంది.

గవరయ్య ఆ ఇంటికి తాళం వేసి తాళంచెవి దాచాడు.

ఏళ్లు గడిచాయి. చుక్కమ్మ రోజూ అరుగు మీద కూర్చుని ఆ తాళం వంక చూసేది. వ తన వాకిలితో పాటు ఆ వాకిలీ ఊడ్చేది. చూసినవాళ్లు నవ్వేవారు.

శాసనాలు చదివే సుభద్రమ్మ ఒకసారి రాతి మీది మాటల్ని కంప్యూటర్లో రాస్తోంది. ఒక అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. డ పెట్టి చూసింది, ళ పెట్టి చూసింది. "ఉహూఁ, రాతి మీద ఉన్నది వీళ్లు కాదు," అని గవరయ్యకు కబురు పెట్టింది.

గవరయ్య ముసలివాడైపోయాడు. అయినా తాళంచెవి జాగ్రత్తగానే ఉంది. "ఇల్లుంది, తీసుకురండమ్మా!" అన్నాడు.

ఒంటి నిండా రాతి దుమ్ముతో ఴ వచ్చింది. ఎవరూ పిలవక ఎన్ని వందల ఏళ్లయిందో! తన ధ్వని తనకే గుర్తు రాలేదు. చుక్కమ్మ ఎదురెళ్లి, నాలుక వెనక్కి మడిచి, మెల్లగా పలికింది. పెద్దమ్మ పెదవులు కదిలాయి. ఆవిడా పలికింది. ఆ ధ్వని ఆ రెండు వీధుల మధ్య రెండు గొంతుల్లో వినపడటం అదే మొదటిసారి. వ ఏడ్చేసింది.

అప్పటినుంచే హిందీ ऴ ఇంటిలాగే తెలుగు ఴ ఇంటి నంబరు చివరా మూడు నాలుగే ఉంటుంది. అప్పటినుంచే తెలుగు వీధిలో ఖాళీ ఇంటిని చూసి ఎవరూ నవ్వరు. న పక్కన, హిందీ ऩకు ఎదురుగా ఉన్న రెండు తొమ్మిది నంబరు ఇల్లు ఈ రోజుకీ ఖాళీగానే ఉంది. ఎవరూ రారేమో. అయినా ఆ పక్కింటి ప ఒక్క అడుగు కూడా ముందుకు జరగలేదు.