నాపరాయి చూపిన దారి

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి వెనక నల్లరాయి, ఇసుకరాయి, నాపరాయి ఉన్న రాళ్ళ కొండ. ఆ కొండ మీద మేకలు కాసుకునే పిల్ల పేరు సుంకి.

సుంకికి చుక్క అని ఒక మేకపిల్ల ఉండేది. తల్లి మేక చచ్చిపోతే, గుడ్డ పీలిక పాలల్లో ముంచి చప్పరింపజేసి సుంకే దాన్ని సాకింది. చుక్క పక్కన లేనిదే పిల్లకి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు చుక్క గంతులేస్తూ గంతులేస్తూ కొండ మీది బొక్కలో పడిపోయింది. లోపల్నుంచి "మే" అంటోంది. చెయ్యి పెడితే అందదు. పైన చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందా, బొక్క నిండా నీళ్ళే!

అప్పుడు సుంకి నల్లరాయి దగ్గరికి పరిగెత్తింది. "పెద్దమ్మా, లోపలికి దారి చూపవే!"

"నాలో దారులెక్కడివే? తరతరాలుగా వాన నా నెత్తిన పడుతూనే ఉంది. ఒళ్ళు కాస్త గరుకెక్కింది, అంతే" అంది నల్లరాయి.

ఆ తర్వాత ఇసుకరాయిని అడిగింది. "వాన తగిలితే రేణువు రేణువుగా రాలిపోయేదాన్ని. నాలో నీళ్ళు ఇంకుతాయి గానీ నువ్వు దూరలేవు తల్లీ" అంది.

ఇక మిగిలింది నాపరాయి. అటు వెళ్ళడానికి సుంకికి కాళ్ళు రాలేదు. ఎందుకంటావా? నిన్ననే దాని మీద చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమింది. రాయి సన్నగా నురగ కక్కింది. నున్నటి ఒంటి మీద తెల్లటి మరక పడింది. అయినా చుక్క కోసం వెళ్ళింది.

"వచ్చావా, చెంబుల రాణీ! నా మొహం పాడుచేసి ఇప్పుడు సాయం కావాలా?" అంది నాపరాయి.

"తప్పయిపోయింది అత్తా. నన్ను ఎంతైనా తిట్టు, నా చుక్కని మాత్రం బతికించు" అని సుంకి బావురుమంది.

అప్పుడు నాపరాయి మెత్తబడింది. "ఏడవకే పిచ్చిదానా. నీ చింతపండెంత, వానెంత! వాన కూడా గాలిలోంచీ మురిగిన ఆకుల్లోంచీ రవ్వంత పులుపు మోసుకొస్తుంది. పులుపంటే నాకు పడదు. సందు దొరికిన చోటల్లా నన్ను కరిగించుకుంటూ పోయింది. చీమ దూరే సందు కాస్తా గుహ అయి కూర్చుంది. పైన దిగిన వాన కిందనున్న ఊట దగ్గర బయటపడుతుంది. చుక్క పడ్డ గుహ నోరు అక్కడే, ఆ పొదల వెనక ఉంది, ఫో!"

సుంకి ఒక్క పరుగున పోయి, పొదలు పక్కకి తప్పించి, మోకాళ్ళ మీద లోపలికి పాకింది. చీకట్లో వెచ్చగా ఏదో మోచేతిని నాకింది. చుక్కే! తడి ఇసుక మీద పడిందేమో, కాలు కూడా విరగలేదు.

ఇద్దరూ బయటికొచ్చారో లేదో, వాన దబదబా అందుకుంది. సుంకి చుక్కని పొట్టకి హత్తుకుని, ఏడుస్తూ నవ్వింది.

ఆ తర్వాత ఎన్నడూ నాపరాయి మీద చెంబు తోమలేదు. నల్లరాయి దగ్గరికే పోయేది. "తోముకోవే, నాకేం లెక్క" అనేదట ఆ పెద్దమ్మ.

కథ కంచి బాట పట్టె,
చుక్క సుంకి ఒడి పట్టె,
మా బంగారానికి నిద్ర పట్టె!