విమానానికి పెద్ద టైర్లు

పేర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆయన దగ్గర విమానం నడపడం నేర్చుకున్న వాళ్ళందరూ ఇందుకు లోలోపల తిట్టుకున్నవాళ్ళే. అవునంటే అవునని, కాదంటే కాదని చెప్పేస్తే ఆయన సొమ్మేం పోతుందని నేనూ విసుక్కునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన విమానానికి మెకానిక్కుని కాబట్టి ఆ మాత్రం విసుక్కునే హక్కు నాకుందనే అనుకుంటాను.

మాది చిన్న ధర్మసంస్థ. గోదావరి ఎగువన, కొండల్లో, రోడ్డు లేని ఊళ్ళ నుంచి రోగుల్ని పట్నం ఆసుపత్రికి చేర్చే చిన్న విమానం ఒకటి ఉంది. ఏటి ఇసుక తిన్నెలే దానికి రన్‌వేలు. మాస్టారికి చూపు మందగించాక ఆయన శిష్యురాలు భ్రమరాంబ దాన్ని నడుపుతోంది. ఆ వేసవిలో ఒకనాడు ఆమె కొల్లుపాడు అనే ఊరి మీద రెండు చుట్లు తిరిగి, దిగకుండా వచ్చేసింది. అక్కడ ఇసుక మరీ మెత్తన. మా విమానం టైర్లేమో చిన్నవి, కూరుకుపోతే ముక్కు నేలకి గుద్దుకుంటుంది. కింద జనం తువ్వాళ్ళు ఊపుతూనే ఉన్నారట. పాము కరిచిన మనిషిని వాళ్ళే డోలీలో గట్టినేల దాకా మోసుకొచ్చారు. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. భ్రమరాంబకి రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆమె షెడ్డు మూల టార్పాలిన్ లాగింది. కింద రెండు పెద్ద టైర్లు ఉన్నాయి, ఒక్కోటీ మనిషి తొడ ఎత్తున. వాటిని చూసి ఆమె మొహం ఎర్రబడింది.

"ఇలాంటివి మూల పెట్టుకుని, ఆ చిన్నవాటితో నన్నెందుకు తిప్పుతున్నారండీ మాస్టారూ? వీటితో ఎంత మెత్తటి ఇసుకలోనైనా దిగొచ్చు కదండీ."

"దిగొచ్చమ్మా," అన్నారు మాస్టారు. "కూర్చో."

ఆయన చెప్పినదాంట్లో సగం నాకు తెలిసిందే. ఆ టైర్లు బిగించింది నేనే.

మొదట్లో మా విమానం పెద్దతిన్నె అనే ఒక్క గట్టి తిన్నె మీదే దిగేది. చుట్టుపక్కల కొండ ఊళ్ళవాళ్ళు రోగుల్ని అక్కడికే మోసుకొచ్చేవారు. లావుపాటి వెదురు కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, భుజాలు మార్చుకుంటూ, పరుగు లాంటి నడకతో. జీలుగుమెట్ట నుంచి వచ్చిన ముసలాయన ఒకడు దారిలోనే పోయాడు. అది చూసి తట్టుకోలేక మాస్టారు ఈ టైర్లు తెప్పించారు. బరువు ఎక్కువే, గాలిని అడ్డుకోవడమూ ఎక్కువే. అయినా ఇసుక మీద పరుపు మీద దిగినట్టు దిగేవి. రెండేళ్ళు ఏ ఊరివాళ్ళకి ఆ ఊరి ముందే విమానం వాలింది. ముసలమ్మలు టైర్లకి పసుపు రాసేవారు. ఆ పసుపు కడుక్కోలేక చస్తున్నానని పైకి అనేవాణ్ణి గాని, నేనూ మురిసిపోయాను.

ఆ తర్వాతి వేసవిలో జీలుగుమెట్ట నుంచి కబురొచ్చింది. కారం లచ్చి అనే ఆవిడకి కాన్పు అయి, రక్తం ఆగడం లేదు. మాస్టారు వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ ఏడు ఏరు దారి మార్చుకుని ఊరి ముందు తిన్నెని సగానికి సగం కోసేసింది.

"పైనుంచి చూశాను," అన్నారు మాస్టారు. "దిగగలనా అని చూశాను. అంతే చూశాను."

హాయిగా దిగారు. లచ్చినీ ఆమె మొగుడు బుచ్చన్ననీ ఎక్కించుకుని పరుగు తీయిస్తే విమానం లేవలేదు, నీటి అంచున ఆగింది. ఎండకి గాలి పలచబడింది, టైర్ల బరువు ఉండనే ఉంది. బుచ్చన్నని దించారు. సీటు పీకారు. మందుల పెట్టె దించారు, పెట్రోలు కొంత ఒంపేశారు. ఈసారి టైర్లు నీళ్ళలోకి దిగాక ఆగింది. ఒక్క మనిషితో అయితే లేస్తుంది. ఆ ఒక్క మనిషీ నడిపేవాడు.

"నేను పెద్దతిన్నెకి పోయి కాచుకుంటాను, డోలీలో తీసుకొచ్చేయండి," అన్నారు మాస్టారు. ఎవరూ కదల్లేదు.

"డోలీ కర్ర ఏదయ్యా?"

బుచ్చన్న తల వంచుకున్నాడు. "పందిరికి ఏసేసినాం బాబూ. తవరే గుమ్మం ముందుకి వచ్చేత్తన్నారు గదా, ఇంక దాంతో పనేటుందిలే అని."

ఇంటి వెనక ఆనపపాదు పందిరికి అదే నడిమి కర్ర. పందిరి పీక్కోవాలి, కర్ర ఊడదీసుకోవాలి, కట్టడం తెలిసిన ముసలివాణ్ణి పొలం నుంచి పిలుచుకురావాలి. మోసే అలవాటు తప్పిన భుజాలు వేరే. మాస్టారు ఖాళీ విమానంతో లేచి పెద్దతిన్నె మీద వాలి, రెక్క నీడలో కూర్చున్నారు. రెండున్నర గంటల దారి. పొద్దు వాలుతుండగా ఏటి మలుపులో డోలీ కనబడింది. మోసేవాళ్ళు పరిగెత్తడం లేదు. మామూలుగా నడిచి వస్తున్నారు.

"అంత దూరం నుంచే నాకు తెలిసిపోయింది," అన్నారు మాస్టారు.

కర్రకి ఆనపతీగ ఇంకా చుట్టుకునే ఉందట. పిందె ఒకటి వేలాడుతోందట. బుచ్చన్న డోలీ దించి, చెమట తుడుచుకున్నాడు. "ఆలీసం అయిపోనాది బాబూ. ఎండలో కూకున్నారు," అన్నాడు.

మర్నాడు మాస్టారు ఆ టైర్లు ఊడదీయమన్నారు. మంచి సరుకు పాడుచేస్తున్నారని నేను ఆయనతో దెబ్బలాడాను. జరిగింది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. డోలీ సంగతి నేను వినడం ఆ పొద్దున్నే. ఊడదీసిన నాటి నుంచి ఇన్నేళ్ళు, మంచి సరుకు మూల పడేశారని గొణుక్కుంటూ వాటికి దుమ్ము తుడుస్తూ వచ్చినందుకు సిగ్గేసింది.

భ్రమరాంబ టైర్ల వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అయితే చిన్నవే ఉంచేయమంటారా మాస్టారూ? మరి కొల్లుపాడు ఆయన కాలు?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"లేదమ్మా, పెద్దవే బిగించుకో," అన్నారు. "కాకపోతే ఏ ఊరి ఇసుకలో దిగినా, ముందు వాళ్ళ డోలీ కర్ర ఎక్కడుందో అడిగి, కళ్ళారా చూసి రా."