అరగంట ఆగని బండి

దగ్గరికి జరగండర్రా. ఆ అరుగు చివర కూర్చున్నవాళ్ళూ ఇటు వచ్చి చాప మీద కూర్చోండి. కథ మధ్యలో "ఏంటీ, ఏంటీ" అని అడిగారంటే నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది. కాళ్ళు ముడుచుకోండి, పక్కవాడికి చోటివ్వండి. ఆ, ఇప్పుడు బాగుంది.

గుండ్లమడుగు అనే ఊళ్ళో ఆదెమ్మకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు నాసరయ్య, నడిపివాడు అంకారావు, చిన్నవాడు ఏడుకొండలు. నాసరయ్యకు తన తెలివి మీద తగని నమ్మకం. "ఊళ్ళో ఇంటికొక బుర్ర ఉంటే గొప్ప. మన ఇంట్లో మూడున్నాయి. అందులో పెద్దది నాది" అని రోజూ అన్నాల దగ్గర చెప్పేవాడు. తమ్ముళ్ళిద్దరూ ముద్ద నోట్లో పెట్టుకుని తలలూపేవాళ్ళు. ఎవరైనా ఒక పని చెబితే దాన్ని వీసమెత్తు తేడా లేకుండా చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి అని వాళ్ళ ఉద్దేశం.

ఇంత తెలివి ఉండీ ఏడుకొండలుకు ముప్పై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఎనిమిది సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయాయి. తొమ్మిదోది వేములగుంటలో వెంకటప్పయ్య గారి అమ్మాయి కోటేశ్వరి. ఆ వెంకటప్పయ్య ముందే కబురు పెట్టాడు: "ఆదివారం పొద్దున పదింటిలోపు పెళ్ళిచూపులకు రండి. పదిన్నరకు కాలవ నీళ్ళ వంతు మాది, నేను పొలంలో ఉండాలి. పది దాటితే ఇక రావద్దు, వేరేవాళ్ళని చూసుకుంటాం."

ఆదెమ్మ కొడుకుల్ని ముందర కూర్చోబెట్టి, "ఇదీ పోయిందంటే ఇక నేను ఎవర్నీ అడగలేనురా, నాయనా" అంది. నాసరయ్య ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి ముగ్గురూ తెల్లచొక్కాలు తొడుక్కుని మోటారుసైకిల్ బండి దగ్గరికి వచ్చారు. ఏడుకొండలు స్టార్ట్ చెయ్యడానికి సెల్ఫ్ బటన్ నొక్కాడు. టిక్కు. మళ్ళీ నొక్కాడు. టిక్కు టిక్కు. అంతే.

"బస్సులో పోదామా?" అన్నాడు అంకారావు.

"అబ్బాయికి సొంత బండి ఉందని చెప్పి ఉన్నాంరా. బస్సులోంచి దిగితే ఆ మాట అబద్ధమైపోదూ?" అన్నాడు నాసరయ్య. తమ్ముళ్ళు అబ్బురపడి చూశారు. నాసరయ్య టౌన్లో ఉన్న మెకానిక్ మస్తాన్‌కు ఫోన్ కలిపాడు.

"బ్యాటరీ దిగిపోయి ఉంటది నాసరయ్యా. హెడ్‌లైట్ వేసి చూడండి. మసకగా వెలిగితే బ్యాటరీ అయిపోయినట్టే. ఎండలో తెలవదు, చీకట్లో పెట్టి చూడండి" అన్నాడు మస్తాన్.

ఇంట్లో చీకటి గది అంటే ధాన్యం కొట్టు ఒక్కటే. బండిని ఎత్తి లోపలికి తోయబోయారు. హేండిల్ పట్టలేదు. ఇంకేముంది, తలుపు రెక్కలు రెండూ ఊడదీసి అవతల పారేశారు. బండి పట్టింది కానీ తలుపులు లేక వెలుతురు వచ్చేసింది. ఆదెమ్మ బొంతలూ దుప్పట్లూ తెచ్చి గుమ్మానికి కట్టింది. ఇప్పుడు చూడండి, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. స్విచ్ ఎక్కడుందో ముగ్గురికీ దొరకలేదు. అంకారావు టార్చిలైటు తెచ్చి బండి మొహం మీదికి సూటిగా వేశాడు. ఏడుకొండలు స్విచ్ నొక్కాడు.

"ఎట్లా ఉందిరా?"

"ధగధగలాడిపోతోంది అన్నా. చూడలేకపోతున్నాం."

నాసరయ్య ఆ సంగతే ఫోన్లో చెప్పాడు. "అయితే బ్యాటరీ బానే ఉంది. పెట్రోలు ఎక్కువై స్పార్కు ప్లగ్గు తడిసిందేమో. విప్పి శుభ్రంగా తుడిచి, బాగా ఆరబెట్టి బిగించండి" అన్నాడు మస్తాన్.

ఆ ఇంట్లో శుభ్రంగా తుడిచి బాగా ఆరబెట్టడం అంటే ఒక్కటే పద్ధతి. చంటిపిల్లలప్పుడు ముగ్గురు కొడుకుల్నీ ఆదెమ్మ అట్లాగే తలంటి పెంచింది. అంతే, ప్లగ్గుకు నువ్వులనూనె రాశారు. కుంకుడురసంతో రుద్దారు. రెండు చెంబులు వేడినీళ్ళు పోశారు. మెత్తటి పాతచీర ముక్కతో తుడిచి, బుట్ట బోర్లించి కింద సాంబ్రాణి పొగ వేశారు. ఆదెమ్మ కాస్త కాటుక కూడా పెట్టబోయింది కానీ నాసరయ్య ఆపాడు. "మస్తాన్ కాటుక సంగతి చెప్పలేదమ్మా. మనం సొంత తెలివి వాడకూడదు."

ప్లగ్గు బిగించి సెల్ఫ్ నొక్కితే ఈసారి టిక్కు కూడా అనలేదు.

గంట ఎనిమిదిన్నర. నాసరయ్యకు చెమట పట్టింది. తల్లి గుమ్మంలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మూడోసారి ఫోన్ చేశాడు.

"లైటు బాగా వెలిగిందన్నావు గదా?" అన్నాడు మస్తాన్.

"వెలిగింది. టార్చి వేసి మరీ చూశాం."

"టార్చి ఆర్పి చూడలేదా?"

"ఆర్పితే లైటు ఎట్లా కనపడుద్ది మస్తాన్? చీకటి గదా."

అవతల రెంచి ఏదో కిందపడిన చప్పుడైంది. ఫోన్ పోయిందేమోనని నాసరయ్య చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. చివరికి మస్తాన్ గొంతు నీరసంగా వచ్చింది. "సరే విను. రెండో గేర్లో వేసి, చిన్నోణ్ణి ఎక్కించి క్లచ్ పట్టుకోమను. మీరిద్దరూ వెనకనుంచి తొయ్యండి. ఊపు వచ్చాక క్లచ్ వదిలేస్తే స్టార్ట్ అవుద్ది. అయ్యేదాకా తొయ్యండి, మధ్యలో ఆగొద్దు. స్టార్ట్ అయ్యాక అరగంటపాటు ఆపకుండా తిప్పండి, బ్యాటరీకి ఛార్జి ఎక్కుద్ది."

నాసరయ్య తమ్ముళ్ళచేత ఆ మాటలు మూడుసార్లు వల్లె వేయించాడు. ఏడుకొండలు ఎక్కి క్లచ్ పట్టుకున్నాడు. అన్నలిద్దరూ తోశారు. ఊరు దాటారు.

"అన్నా, ఊపు వచ్చిందా?" అని అడిగాడు ఏడుకొండలు.

"వస్తే తెలుస్తుందిలేరా. నువ్వు పట్టు వదలమాక."

అంతే, వాడు వదల్లేదు. మైలు దాటింది, రెండు దాటాయి. తెల్లచొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. బస్సు ఒకటి పక్కనుంచి పోతూ నెమ్మదించింది. అందులోవాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. వేములగుంట అడ్డరోడ్డు దగ్గర ఒక మెకానిక్ షెడ్డు ఉంది. షెడ్డువాడు రెంచి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, "ఆపండన్నా, ఏందో చూస్తాను. రెండు నిమిషాల పని" అన్నాడు.

"కుదరదు తమ్ముడూ. స్టార్ట్ అయ్యేదాకా ఆగొద్దన్నాడు మెకానిక్" అని రొప్పుతూ వాణ్ణి దాటిపోయాడు నాసరయ్య.

పదికి రెండు నిమిషాలుందనగా వెంకటప్పయ్య ఇంటి ముందుకు చేరారు. ఆయన పంచె ఎగగట్టి, పార భుజాన వేసుకుని, గడియారం చూసుకుంటూ వాకిట్లో నిలబడ్డాడు. నాసరయ్య ప్రాణం లేచివచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి కుక్క ఏడుకొండలు కాలి మీదికి ఉరికింది. వాడు ఉలిక్కిపడి క్లచ్ వదిలేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి బుర్రుమంది.

"రండి రండి, బండి ఆపి లోపలికి రండి" అన్నాడు వెంకటప్పయ్య.

"ఆపకూడదండీ, అరగంట తిప్పాలి" అన్నాడు ఏడుకొండలు. అని ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

ఇంకేముంది. కోళ్ళు గోడలెక్కాయి. కోటేశ్వరి కాఫీ పళ్ళెంతో వచ్చి వాకిట్లో నిలబడిపోయింది. పెళ్ళికొడుకు ఎదురుగా వస్తాడు, నమస్కారం పెట్టబోతాడు, మూల తిరిగి పోతాడు. నాసరయ్య గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఆపమందామా అంటే మస్తాన్ మాట, వద్దందామా అంటే అమ్మ మొహం.

వెంకటప్పయ్య కాసేపు చూసి, సరే ఇట్లాగే అడుగుదామనుకున్నాడు. "ఏం చదివావబ్బాయ్?" అన్నాడు. జవాబు వినేలోపు బండి ఇంటి వెనక్కి పోయింది. అది తిరిగి వచ్చేసరికి కోటేశ్వరి, "మీకు ఏ కూరంటే ఇష్టం?" అని అడిగింది.

"ఐదో తరగతి" అని చెప్పి పోయాడు ఏడుకొండలు.

మళ్ళీ వచ్చినప్పుడు తండ్రి, "వయసెంత?" అన్నాడు.

"గుత్తివంకాయండీ."

కోటేశ్వరి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగక ఇంకో ప్రశ్న వేసింది. "కోపం వస్తే ఏం చేస్తారు?"

"ముప్పై ఆరు."

"కోపమొస్తే ముప్పై ఆరేంటి నాన్నా?" అంటూ ఆ పిల్ల అరుగు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కాఫీలు ఒలికిపోయాయి.

"అరగంట అయింది, ఆపరా" అన్నాడు నాసరయ్య. ఏడుకొండలు తాళం తిప్పి దిగాడు. కళ్ళు తిరిగి, కుక్కకు నమస్కారం పెట్టాడు.

నాసరయ్య ఇక అయిపోయిందనుకున్నాడు. కానీ వెంకటప్పయ్య కూతురి మొహం చూశాడు. ఆ పిల్ల కొంగుతో కళ్ళొత్తుకుంటూ తల ఊపింది. ఆయన పార సర్దుకున్నాడు.

"ఎంతమందో వచ్చారు గానీ బావగారూ, చెప్పిన మాట మీద ఇట్టా నిలబడ్డవాణ్ణి చూడలేదు. మా పిల్లను ఇంతలా నవ్వించినవాడూ లేడు. మాకు ఇష్టమే. ఇవాళ్టినుంచి అబ్బాయి మావాడే అనుకోండి. నాకు నీళ్ళ వంతు దాటిపోతోంది" అని గబగబా పొలానికి వెళ్ళిపోయాడు.

నాసరయ్య గుండె మొదట పొంగింది, ఆ వెంటనే బరువెక్కింది. తమ్ముణ్ణి పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "విన్నావు గదరా. పెద్దాయన నోరు తెరిచి అడిగాడు. కాదంటే మర్యాద కాదు."

"తెలుసన్నా. అమ్మకు చెప్పు" అన్నాడు ఏడుకొండలు. వెళ్ళి కుక్క పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

అంకారావు సెల్ఫ్ ఒక్కసారి నొక్కగానే బండి అందుకుంది. అన్నదమ్ములిద్దరూ దానిమీద ఇంటిదారి పట్టారు. ఇంటి ముందు ఆదెమ్మ ఎదురొచ్చింది.

"ఏమైందిరా? చిన్నోడేడి?"

"వాళ్ళకు నచ్చాడమ్మా. ఇచ్చేసి వచ్చాం."

ఆదెమ్మ గుమ్మంలో చతికిలబడి, "ముప్పై ఆరేళ్ళు పెంచానురా. కట్టుబట్టలతో ఇచ్చి వస్తారా? వాడి కంచమన్నా తీసుకుపోకపోతిరి" అని ఏడుపు అందుకుంది.

నాసరయ్య పక్కన కూర్చుని, తల్లి చెయ్యి నిమిరాడు. "ఊరుకోమ్మా. వాళ్ళు అడిగింది తమ్ముణ్ణే. బండి జోలికి రాలేదు. అది మనదే."

ఇక లేవండర్రా. చాప దులిపి చుట్టండి. మీ అమ్మలు కంచాలు పెట్టుకుని చూస్తుంటారు, వేడి చల్లారకముందే ఇళ్ళకు పోయి అన్నాలు తినండి.