కొమ్మకి కలిసిన మేనమామ

గోదావరి కాలవ గట్టున ఒక ఊళ్ళో తెలివేటి వారని ఒక కుటుంబం ఉంది. ఆ ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, తెలివేటి వారు అన్నదే. ఇంటిపేరులోనే తెలివి ఉన్నప్పుడు ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతుందని వాళ్ళ ధీమా. అయినా జాగ్రత్త మంచిదని ఇంటి కోడలు నాగరత్నం రోజూ వీధి తలుపుకి రెండు గడియలు వేసేది. దొంగలు లోపలికి వస్తారని కాదు, తెలివి బయటికి పోతుందని.

నాగరత్నం మొగుడు అబ్బులు. వాళ్ళందరిలోకీ తెలివైనవాడు, ఆ సంగతి కూడా అతనే చెప్పుకునేవాడు. అబ్బులు చేతికి ఎలాగో ఒక కొత్త ఫోను వచ్చింది. ఆ ఫోనులో 'మనవాళ్ళెవరు' అని ఒక గ్రూపు కనబడింది. తప్పిపోయిన చుట్టాల్నీ, మర్చిపోయిన తాతముత్తాతల్నీ వెతుక్కునేవాళ్ళంతా అందులో ఉంటారు. రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైరయిన శారదాంబగారు ఆ గ్రూపు నడుపుతోంది. సాయం చేసే వాలంటీర్లు కావాలని ఆవిడ రాసీ రాయగానే అబ్బులు చేరిపోయాడు. అంతే, ఇక తిండీ నిద్రా లేవు. ఎవరి వంశమైనా సరే, అబ్బులుకి సొంత వంశమే.

మొదటిరోజే ఒక పెద్దమనిషి తన తాతగారి పాత ఫొటో గ్రూపులో పెట్టి, మా తాతగారికి ముందు ఎవరో తెలియడం లేదు, దయచేసి ఎవరైనా చెప్పండని రాశాడు. ఇంత చిన్న విషయానికి దయ దేనికని అబ్బులు ఫొటోని పెద్దది చేసి చూశాడు. జవాబు రాసేశాడు. "మీ తాతగారి ముందు మేక ఉందండీ. మేక ముందు గడ్డి ఉంది. గడ్డి ముందు ఏముందో ఫొటోలో పడలేదు." ఇంకేముంది, పెద్దమనిషి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పని అయిపోయింది కదా, అందుకే వెళ్ళాడని అబ్బులు సంతోషించాడు.

తర్వాత కాకినాడ నుంచి ఒకావిడ, మా మూలాలు ఎక్కడున్నాయో వెతికిపెట్టండని అడిగింది. మూలలనే మాటని పాపం కాస్త సాగదీసి రాసిందనుకున్నాడు అబ్బులు. చీపురు పట్టుకుని బస్సెక్కి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాడు. మంచాలు జరిపి, బీరువాలు జరిపి, ప్రతి గదీ ఊడ్చి, మీ మూలలు ఎక్కడికీ పోలేదండీ, అన్నీ ఇంట్లోనే ఉన్నాయని ధైర్యం చెప్పాడు. దేవుడి గది మూలలో ఆవిడ ఏనాడో పోగొట్టుకున్న బంగారు గాజు కూడా దొరికింది. ఆవిడ పొంగిపోయి ఆ అబ్బాయి ఎంత గొప్ప వాలంటీరో గ్రూపులో రాసింది. అంతే, అబ్బులు పేరు మారుమోగిపోయింది. శారదాంబగారు కూడా మెచ్చుకుంది. చీపురు సంగతి ఆవిడకి తెలియదు.

ఈ సంబరం అంతా చూస్తూ ఒక మనిషి మాత్రం దిగులుగా ఉండేది. అబ్బులు తల్లి మంగాయమ్మ. ఆవిడ పుట్టిల్లు వివేకం వారు. తెలివేటి వారికీ వివేకం వారికీ వియ్యం కుదిరిన రోజున ఊరు ఊరంతా చెప్పుకుందట, అది వేరే కథ. మంగాయమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు బుల్లియ్య. చిన్నప్పుడు ఆవిడ చంకెక్కి తిరిగినవాడు. అబ్బులుకి అన్నప్రాశన చేసిన రోజున బుల్లియ్య అక్క ఇంట్లోనే పని అందుకుంటున్నాడు. పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే, ఉప్పు చూడరా బుల్లీ అంది మంగాయమ్మ. బుల్లియ్య మూత తీసి వంగి చూశాడు. ఎంతసేపు చూసినా ఉప్పు కనబడలేదు. ఇంకేముంది, కనబడేదాకా పోశాడు. చుట్టాలంతా విస్తళ్ళ ముందునుంచి లేచి బావికి పరిగెత్తారు. పరువు పోయిందన్న ఉక్రోషంలో మంగాయమ్మ, నేను పిలిచేదాకా నా గడప తొక్కకని తమ్ముణ్ణి తిట్టింది. అలాగే అక్కా అని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పిలుద్దామంటే ఎక్కడున్నాడో తెలియదు. అబ్బులుకి మీసాలొచ్చి, ఆ మీసాల్లో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. ఇప్పటికీ పులుసు కాచినప్పుడల్లా ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంది. ఉల్లిపాయలని చెబుతుంది. ఆ పులుసులో ఉల్లిపాయ వేయదు.

ఒకరోజు ఆవిడ కొడుకు పక్కన కూర్చుంది.

"ఊరందరి చుట్టాల్నీ వెతికిపెడుతున్నావు కదరా. నా తమ్ముణ్ణి వెతికిపెట్టు. వాడు కనబడకుండానే పోతానేమోనని భయంగా ఉందిరా అబ్బులూ."

అమ్మ అంతవరకూ అబ్బుల్ని ఏదీ అడగలేదు. వెంటనే శారదాంబగారికి రాశాడు. ఆవిడ ఓపిగ్గా, ముందు మీ వంశవృక్షం వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, మీ మామగారి తరఫువాళ్ళు ఎవరైనా గుర్తుపడతారని చెప్పింది. అంతే, అబ్బులు సంతకి పరిగెత్తి ఒక మామిడి మొక్క తెచ్చి పెరట్లో వేశాడు. నీళ్ళు పోసి ఫొటో పెట్టాడు. అది చూసి శారదాంబగారు మళ్ళీ రాసింది. ఇలా కాదు నాయనా, మీ ఇంట్లోవాళ్ళంతా కనబడే చెట్టు కావాలి, పెద్దవాళ్ళు పై కొమ్మల్లో ఉండాలి, వాళ్ళ తర్వాతివాళ్ళు కింది కొమ్మల్లో ఉండాలి.

అబ్బులు మొక్క వంక చూశాడు. ఎలా చూసినా అది అమ్మని మోసేలా లేదు. అదృష్టంకొద్దీ అదే పెరట్లో పెద్ద మామిడిచెట్టు ఉంది. నిచ్చెన తెచ్చి వేసి, ఎక్కమ్మా అన్నాడు. ఎక్కడం నా తరం కాదురా అంది మంగాయమ్మ. అబ్బులు ఆ మాట కూడా వదలకుండా శారదాంబగారికి రాశాడు. "ఇది మా అమ్మ తరం కాదటండీ. ఎవరి తరమో అడిగి చెబుతాను." ఆవిడ జవాబు రాకముందే తల్లికి నచ్చజెప్పి, మొగుడూ పెళ్ళాం కలిసి కింది నుంచి తోసి, పై నుంచి లాగి ఎలాగో కూర్చోబెట్టారు. తమ్ముడి కోసమని ఆవిడ కూడా పళ్ళబిగువున ఎక్కింది. కింది కొమ్మ మీద అబ్బులు, నాగరత్నం సర్దుకున్నారు. తీరా చూస్తే మంగాయమ్మ పక్క కొమ్మ ఖాళీగా ఉంది.

"అది మా బుల్లిగాడి చోటు," అంది మంగాయమ్మ.

అబ్బులు ఫోనులో అడిగితే, మనిషి దొరికేదాకా ఆ చోట ప్రశ్నార్థకం పెట్టమంది శారదాంబగారు. ప్రశ్నార్థకం ఎలా ఉంటుందని నాగరత్నం అడిగింది. కొడవలిలా ఉంటుందన్నాడు అబ్బులు. ఇంకేముంది, నాగరత్నం చెట్టు దిగి కొడవలి తెచ్చి ఆ కొమ్మకి తగిలించింది. చెయ్యి చాచి అందరూ వచ్చేలా ఫొటో తీశారు. ఇక మీ మామగారి పేరు పెట్టి పిలవండి, ఎక్కడున్నా ఆయనకి చేరుతుందని శారదాంబగారు రాసింది. అబ్బులు ఫోను పైకి పట్టుకున్నాడు. మంగాయమ్మ కొమ్మ మీంచి గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, "ఒరే బుల్లీ, రారా," అని పిలిచింది. ఆ పిలుపు గ్రూపులోకి వెళ్ళింది. గ్రూపులోకి వెళ్ళకముందే ఊళ్ళో సగంమంది వచ్చి గోడ అవతల నిలబడ్డారు.

ఆ ఫొటో చూసి గ్రూపంతా నవ్వుకుంది. ఒకరు ఇంకొకరికి పంపారు. చెట్టెక్కిన ముసలావిడ ఫొటో జిల్లా అంతా తిరిగింది. తిరిగి తిరిగి కాలవ అవతల కొబ్బరితోటలో కాయలు దింపే మనిషి దగ్గరికి చేరింది. అతను పిలుపు విన్నాడు. మళ్ళీ విన్నాడు. కత్తి మొలలో దోపుకుని బయల్దేరాడు.

మర్నాడు పొద్దున్నే తెలివేటి వారి పెరటిగోడ మీంచి ఎవరో దూకిన చప్పుడైంది. అబ్బులు కర్ర పట్టుకుని వెళ్ళేసరికి నెరిసిన జుట్టు మనిషి ఒకడు సరసరా మామిడిచెట్టు ఎక్కేస్తున్నాడు. ఎక్కి, కొడవలి తీసి పక్కన పెట్టి, ఖాళీ కొమ్మ మీద కుదురుగా కూర్చున్నాడు. వీధి గుమ్మం ఉండగా గోడెందుకు దూకావయ్యా అని అబ్బులు గద్దించాడు.

"గడప తొక్కొద్దంది మా అక్క," అన్నాడు ఆ మనిషి. "రమ్మంది కానీ గడప తొక్కమని ఇంకా చెప్పలేదు. చెట్టు మీంచి పిలిచింది కాబట్టి చెట్టు మీదికే వచ్చాను, ఆయ్."

శారదాంబగారు మనిషి దొరికినా చుట్టమని ఖాయం చేసుకోవడానికి రుజువులు కావాలని ముందే చెప్పింది. అబ్బులు ఇక ఏ రుజువూ అడగలేదు. ఈ తెలివి మన ఇంటి తెలివేనని తేలిపోయింది. మంగాయమ్మ పెరట్లోకి వచ్చి తలెత్తి చూసింది. ఈసారి నిచ్చెన పట్టుకోమని ఎవరినీ అడగలేదు, ఇది నా తరం కాదనీ అనలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఎక్కేసింది. కొమ్మ మీద అక్కా తమ్ముడూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కాలవ అవతలే ఉండి ఇన్నేళ్ళు రాలేదేంరా అంటే, పిలుస్తావని రోజూ చెవి ఇటే పెట్టుకుని ఉన్నానక్కా అన్నాడు బుల్లియ్య. ఆ మాటకి ఆవిడ ఇంకా ఏడ్చింది. కింద అబ్బులూ నాగరత్నం కూడా ఏడ్చారు.

మామ దొరికాడని అబ్బులు రాయగానే శారదాంబగారు పొంగిపోయింది. చాలా సంతోషం అబ్బులూ, ఇక ఆలస్యం చేయకుండా ఆయన్ని మీ వంశవృక్షంలో ఆ కొమ్మకి కలిపేయండి, మళ్ళీ ఎవరూ విడదీయకుండా నెంబరు లాక్ పెట్టండి, ఆ నెంబరు మాత్రం ఎవరికీ చెప్పొద్దని రాసింది. ఇంకేముంది, అబ్బులు తన సైకిలు గొలుసు తెచ్చాడు. దానికి అంకెలు తిప్పి ఎప్పటికప్పుడు కొత్త నెంబరు పెట్టుకునే తాళం ఉంది. మామ నడుమునీ కొమ్మనీ కలిపి గొలుసు చుట్టాడు. అంకెలు గిరగిరా తిప్పి తాళం నొక్కేశాడు. ఇక మా మామని విడదీసే మొనగాడు లేడని చెట్టు దిగాడు.

నాగరత్నం పొయ్యి వెలిగించి పులుసు కాచింది. గిన్నె చెట్టు మీదికి అందించి, పక్కనే ఉప్పు డబ్బా కూడా పెట్టింది. మంగాయమ్మ ఆనందంలో అలవాటుకొద్దీ, ఉప్పు చూడరా బుల్లీ అనేసింది. బుల్లియ్య మూత తీసి వంగి చూశాడు. కనబడలేదక్కా అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. మంగాయమ్మ మాత్రం ఆ పులుసు ఒక్క చుక్క కూడా వదలకుండా తిని, ఇన్నేళ్ళకి నోటికి రుచి తగిలిందంది.

అంత ఉప్పు తిన్నాక దాహం వేయకుండా ఉంటుందా. బుల్లియ్య నీళ్ళకి దిగుతానన్నాడు. గొలుసు దిగనివ్వలేదు. నెంబరు చెప్పరా అంది మంగాయమ్మ. ఎవరికీ చెప్పొద్దన్నారమ్మా అన్నాడు అబ్బులు. పోనీ చెప్పకు, నువ్వే తిప్పి తియ్యమంది నాగరత్నం.

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు అబ్బులు. "ఎవరికీ చెప్పొద్దన్నారు కదా అని కళ్ళు మూసుకుని తిప్పాను. నాక్కూడా చెప్పుకోలేదు."

నాగరత్నం మొగుడి తెలివికి మురిసిపోయింది. మంగాయమ్మ కూడా నవ్వేసింది. ఉండనీరా, ఈసారి నేను తిట్టినా వీడు పోలేడు, నీళ్ళు పైకే తెండి అంది. అబ్బులు చెంబుతో నీళ్ళు పైకి అందించాడు. కానీ వాలంటీరు ప్రాణం కదా, ఊరుకోబుద్ధి కాలేదు. చెట్టు మొదట్లో కూర్చుని గ్రూపులో రాశాడు.

"మా మామ దొరికారు. అందరికీ నమస్కారాలు. ఇప్పుడు మా తాళం నెంబరు తప్పిపోయింది. మీ వంశాల్లో ఎక్కడైనా కనబడితే దయచేసి తెలియజేయగలరు."