వరాలు వెతికిన మాట

అనగనగా ఒక వాగు పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వరాలు అని నీ అంత పిల్ల ఉండేది. అప్పుడప్పుడే అక్షరాలూ గుణింతాలూ వరసగా నేర్చుకుంది.

ఒక ఎండాకాలం సాయంత్రం, ఎవరో కొత్త మనిషి తూలుకుంటూ వచ్చి పంచాయతీ అరుగు మీద పడిపోయింది. ఆవిడ పేరు మస్తానమ్మ. బాతులు మేపుకుంటూ నెల్లూరు వైపు నుంచి వచ్చింది, పాపం, ఎండదెబ్బ తగిలింది. నెత్తిన చిన్నపిల్ల గౌను ఉంది. పిల్ల మాత్రం లేదు.

"పిల్లేదమ్మా?" అని అడిగారు.

"దొరువు... దొరువు..." అంది. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి.

ఆ మాట ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు. అప్పుడు కొందరు "చెరువు అంటోందేమో" అని చెరువుగట్టుకి పరుగెత్తారు. పిల్ల లేదు. ఆ తర్వాత ఇంకొకళ్ళు "దరువు అంది" అని డప్పు కొట్టే ముత్యాలుని అడిగారు. అతనికేం తెలుసు? ఆ తర్వాత "దొర అనే అంది" అని పెద్ద మేడలో వాకబు చేశారు. అక్కడా లేదు. ఇంతలో కొండల మీద మబ్బు పట్టింది. కొండల్లో వాన పడితే వాగు పొంగుతుంది కదా, అందరికీ అదే గుబులు.

వరాలు మస్తానమ్మ పక్కన కూర్చుని ఆవిడ పెదాలే చూసింది. అవి మళ్ళీ 'దొరువు' అంటూ మెదిలాయి. వరాలు మెల్లగా చప్పట్లు కొడుతూ ఆ మాటని విడదీసింది. దొ. రు. వు. మొదట 'దొ' ఉంది కాబట్టి చెరువూ కాదు, దరువూ కాదు. చివర 'వు' ఉంది కాబట్టి దొర కూడా కాదు.

అప్పుడు లేచి, పక్కనే ఉన్న లైబ్రరీ గదికి వెళ్ళి నిఘంటువు దించమంది. లైబ్రరీ చూసుకునే భూషణం తాత దించాడు గానీ, "ఇంత లావు పుస్తకంలో ఎక్కడని వెతుకుతావే? తెల్లారిపోతుంది" అన్నాడు.

"అంతా చూడక్కర్లేదు తాతా. మాటలన్నీ అక్షరాల వరసలోనే ఉంటాయి" అంది వరాలు.

త, థ దాటించి 'ద' పట్టుకుంది. దండ, దయ, దారి, దీపం. ఎంతకీ 'దొ' రాలేదు.

"లేదేమోలే, వదిలెయ్" అన్నాడు తాత.

వరాలు వదల్లేదు. ద గుణింతం గొణుక్కుంటూ దె, దే, దై దాటించింది. అప్పుడు 'దొ' వచ్చింది. దొంగ, దొడ్డి, దొప్ప ఉన్నాయి, దొరువు లేదు. ఆ తర్వాత రెండో అక్షరం మీద దృష్టి పెట్టింది. ప దాటింది, మ దాటింది, వేలు కిందికి జరిపింది. దొర. దొరసాని. ఇంకాస్త కింద, దొరువు.

"మంచినీళ్ళ కోసం తవ్వుకున్న గుంట" అని అందరికీ వినపడేలా చదివింది.

అరుగు మీదున్న వరాలు వాళ్ళమ్మ విని, "అంటే మన చెలమే. వాగు ఇసుకలో తవ్వుకుంటాం చూడు, అదే" అంది.

అందరూ వాగులోకి పరుగెత్తారు. చెలమ దగ్గర తుమ్మచెట్టు కింద మూడేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. చుట్టూ బాతులు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి. వరాలు వాళ్ళ నాన్న ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. బాతులు బారులు తీరి వెనకే నడిచాయి.

ఆ తర్వాత మస్తానమ్మకి మజ్జిగ పట్టించారు. కళ్ళు తెరిచి పిల్లని గుండెకి హత్తుకుంది. కళ్ళు తిరుగుతుంటే పిల్లని మోయలేక, నీడలో కూర్చోబెట్టి, దాని గౌను తడిపి నెత్తిన వేసుకుని సాయం కోసం వచ్చిందట.

"నా మాట ఎవరికి తెలిసిందమ్మా?" అని అడిగింది.

"నాకూ తెలీదత్తా. వెతికాను" అంది వరాలు.

ఆ రాత్రి కొండల్లో వాన కురిసింది. తెల్లారి చూస్తే చెలమ లేదు, ఇసుక లేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా ఎర్రనీళ్ళే. పిల్ల మాత్రం అమ్మ ఒళ్ళో వెచ్చగా పడుకుని ఉంది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.