బెల్లం పెనంలో బుల్లెమ్మ

అనగనగా గోదారొడ్డున ఒక ఊళ్ళో బుల్లెమ్మని ఒకావిడ ఉండేదే పండూ. మనిషి మంచిదే, కోపమే ముక్కు మీదుండేది. అచ్చం నీకులాగే! అన్నం మీద అలిగి పడుకున్నావుగా, ఆ దుప్పటి లాక్కుని ఊఁ కొడుతూ విను.

ఆ బుల్లెమ్మకి గోదారవతల ఒడ్డున ఒక తమ్ముడున్నాడు, గోవిందు. తల్లి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. ఆ గోవిందుకి లేక లేక ఆడపిల్ల పుట్టింది. పిల్లని ఉయ్యాల్లో వేసే పండగ పెట్టుకున్నారు. వాళ్ళింటి ఆచారం ఏవిటంటే, మేనత్త తెచ్చిన చీరతోనే ఉయ్యాల కట్టాలి, మేనత్తే పిల్లని అందులో వెయ్యాలి. అందాకా పిల్ల చేటలోనే పడుకోవాలి. ఇదంతా సందె దీపం పెట్టేలోగా అయిపోవాలి.

మరి అంతటి మేనత్తని ఎలా పిలవాలి? గుమ్మంలోకొచ్చి, పసుపు కుంకం చేతిలో పెట్టి పిలవాలి. గోవిందు రాలేదు. కూరగాయలావిడ చేత కబురంపాడు! ఆవిడ వంకాయలు తూస్తూ తూస్తూ, "మీ తమ్ముడు రేపు రమ్మన్నాడమ్మా" అనేసి పోయింది.

ఇంకేవుంది! అరికాలి మంట నెత్తికెక్కింది బుల్లెమ్మకి. "వంకాయల్తో పాటు కబురా! నేనేవన్నా పిలవని పేరంటానికి పోయే రకాన్నా!" అని గిన్నెలు విసిరింది. ఆ వంకాయలు ఎత్తి గేదె ముందు పారేసింది. అది తినకపోతే దాన్నీ తిట్టింది.

తెల్లారింది. అప్పుడేం చేసిందనుకున్నావు? పెట్టె తీసి, చచ్చిపోయిన వాళ్ళమ్మ పట్టుచీర మూటకట్టింది. "వెళ్తాను. పిల్లని ఉయ్యాల్లో వేస్తాను. వేసి, వాడికి మొహం వాచేలా చీవాట్లు పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేస్తాను" అనుకుంటూ రేవుకి నడిచింది.

రేవులో రెండు పడవలున్నాయి. ఒకటి అవతలొడ్డుకి పోతుంది. ఇంకోటి ఏటి మధ్యనున్న లంకలో చెరుకు కొట్టే కూలీల్ని దింపడానికి పోతుంది. బుల్లెమ్మ అవేవీ చూళ్ళేదు. దగ్గరున్నదాంట్లో ఎక్కేసి అందరికీ వీపు పెట్టి కూచుంది.

పడవ నడిపే పోలయ్య చూశాడు. ఈవిడకి లంకలో ఏం పనబ్బా అనుకున్నాడు. కానీ బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడక్కూడదుగా, అపశకునం! అందుకని నోరు మూసుకున్నాడు. కూలీలూ అడగలేదు. శకునం మాటెలా ఉన్నా, ఆ మొహం చూసి అడిగే ధైర్యం ఎవరికుంటుందే?

ఆ తర్వాత పడవ ఒడ్డుకి తగిలింది. బుల్లెమ్మ దిగి, తమ్ముణ్ణి తిట్టుకుంటూ, తలొంచుకుని చెరుకు తోటల్లోంచి చాలా దూరం నడిచింది. నడిచి నడిచి తలెత్తి చూస్తే ఎదురుగా మళ్ళీ గోదారే! ఆ నీళ్ళకవతల తమ్ముడి ఊరి కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి.

ఓరి నాయనోయ్ అని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. పడవ వెళ్ళిపోయింది. మళ్ళీ కూలీల కోసం పొద్దుగూకాకే వస్తుంది. పొద్దుగూకాక వస్తే ఇంక సందె దీపమెక్కడ, ఉయ్యాలెక్కడ?

బుల్లెమ్మ ఇసకలో చతికిలబడి కేకలు పెట్టింది. పోలయ్యని తిట్టింది, గోదార్ని తిట్టింది, నెత్తి మీద ఎండని తిట్టింది.

అప్పుడు ఆ కేకలు విని, లంకలో కాపురముండే కాసులమ్మ వచ్చింది. "ఎవరమ్మా మీరు? ఎక్కడికి బయల్దేరారు?" అంది.

"ఎక్కడికని అడుగుతావా! నీకు బుద్ధుందా లేదా!"

"బయల్దేరేటప్పుడు అడిగితే తప్పుగానండి, దారి తప్పాక అడిగితే ఏవవుద్దండి?" అంది కాసులమ్మ, చల్లగా.

దాంతో బుల్లెమ్మకి ఏడుపొచ్చేసింది. కోపంగానే ఏడ్చింది. "ఈ చీర వేళకి చేరకపోతే మా మరదలి అక్క తన చీరతో ఉయ్యాల కట్టేస్తుంది. ఇంక ఆ ఇంట్లో నా చోటు పోయినట్టే. మా అమ్మ గడప నేను మళ్ళీ తొక్కలేను" అంది.

కాసులమ్మ చెంబెడు తరవాణిలో, అదే పులిసిన అన్నం నీళ్ళలో, ఉప్పుగల్లు వేసి ఇచ్చింది. "నాకొద్దు" అంది బుల్లెమ్మ. అని, గటగటా తాగేసింది.

ఆ తర్వాత కాసులమ్మ తనవాళ్ళని పిలిచింది. ముందు అందరూ ఒడ్డున నిలబడి తువ్వాళ్ళు ఊపుతూ అవతలి పడవలకి కేకేశారు. గాలికి ఆ కేకలు వీళ్ళ చెవుల్లోకే వచ్చాయి. "గొంతులా, చిల్లు కుండలా!" అంది బుల్లెమ్మ.

అప్పుడు లంకకున్న ఒక్క దోనె పడవ దగ్గరికెళ్ళారు. దానికి తారు పూసి బోర్లించారు, తడారలేదు. "ఇవాళే పుయ్యాలా!" అని దానిమీదా లేచింది.

ఇంక మూడోది ఏవుంది? కాసులమ్మ మొగుడు వీర్రాజు తలగోక్కుని, బెల్లం పొయ్యికేసి చూశాడు. పొయ్యి మీద పే...ద్ద పెనం ఉంది, మన వీధరుగంత. నిండా చెరుకు రసం. అప్పుడే మంట పెట్టారు.

"దింపండ్రా" అన్నాడు.

"రసం ఏం చేస్తావయ్యా?" అంది బుల్లెమ్మ.

"కుండల్లో పోస్తామండి. సాయంత్రానికి పులిసిపోద్దండి. పోనీండి."

"పోనీండేవిటి! ఊరూ పేరూ తెలీని మనిషి కోసం ఇంత రసం పాడుచేసుకుంటారా! మిమ్మల్ని కన్నవాళ్ళు ఇదేనా నేర్పింది!" అని ఎగిరింది. ఎవరూ వినిపించుకోలేదు. పెనం లంక అవతలి ఒడ్డుకి దొర్లించుకెళ్ళి నీళ్ళలో వేసి, బుల్లెమ్మని మధ్యలో కూచోబెట్టారు.

అప్పుడు చూడాలే పండూ తమాషా! పెనం నీళ్ళ మీద గిర్రున తిరుగుతోంది. బుల్లెమ్మ చీర మూట నెత్తి మీద పెట్టుకుని, "తిప్పకండర్రా! అటు కాదు, ఇటు!" అని అరుస్తోంది. నలుగురు అంచు పట్టుకుని ఈదుతున్నారు.

"అసలు ఎవరయ్యా మీరు? నాకేవవుతారని ఇలా తడుస్తున్నారు?"

"ఏవీ అవ్వవండి. కాస్త కదలకుండా కూచోండి, పెనం ఒరిగిపోద్ది" అన్నాడు వీర్రాజు.

పొద్దు కొబ్బరిచెట్ల తలల మీదికి దిగేసరికి ఒడ్డు చేరారు. బుల్లెమ్మ లేవబోతే కట్టుచీర పెనంలో మిగిలిన పాత బెల్లానికి అంటుకుపోయింది. పీక్కుని పరిగెత్తింది. వెనకాల ఈగలు, ఈగల వెనకాల లంకవాళ్ళు.

తమ్ముడింటి ముందు జనం మూగి ఉన్నారు. మరదలి అక్క చీర పట్టుకుని నిలబడే ఉంది. గోవిందు మాత్రం చేటలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూచున్నాడు.

"ఏరా! వంకాయలావిడ చేత పిలిపిస్తావా నన్ను! నీకు కాళ్ళు లేవా?" అని గర్జించింది బుల్లెమ్మ.

"వచ్చానక్కా" అన్నాడు గోవిందు. "మొన్న మీ గుమ్మందాకా వచ్చాను. లోపల నువ్వు గేదెని తిడుతున్నావు. నాకు భయమేసింది. ఇదిగో, ఇది చేత్తో పట్టుకుని అలాగే తిరిగొచ్చేసి, ఆవిడ చేత కబురంపాను." జేబులోంచి నలిగిన పసుపు కుంకాల పొట్లం తీశాడు. "నువ్వు రాకపోతే పిల్లని చేటలోనే పెంచుకుందామనుకున్నాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

చంకనేసుకుని పెంచిన తమ్ముడు తనని చూసి భయపడ్డాడు! బుల్లెమ్మ ఆ నలిగిన పొట్లంకేసి చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు ఆ ఊరివాళ్ళు అదే మొదలు చూడ్డం.

"ఇప్పుడివ్వనా అక్కా?"

"ఏడవక ఇయ్యి" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత అమ్మ చీరతో ఉయ్యాల కట్టి పిల్లని వేసింది. వేసి ఇటు తిరిగి, "నా కోసం బెల్లం వంట పాడుచేసుకున్నవాళ్ళని తడిబట్టల్తో నిలబెడతారా! ముందు వాళ్ళకి వడ్డించండి!" అని మళ్ళీ అరిచింది. తనూ వాళ్ళ పక్కనే కూచుని మూడుసార్లు వడ్డించుకు తింది.

కోపం పోయిందా అంటే, పోలేదే. రేవులో నిలబడి పడవెక్కే ప్రతివాణ్ణీ "ఎక్కడికి?" అనడిగేది. అపశకునం అని వాళ్ళు తిడితే, "శకునం తర్వాత, ముందు సరైన పడవెక్కావా?" అని తిరిగి తిట్టేది. కానీ గేదెని తిట్టేముందు మాత్రం ఒకసారి వీధి గుమ్మంకేసి తొంగి చూసేది, ఎవరన్నా వచ్చి వెనక్కి పోతున్నారేమోనని.

ఏవే పండూ, నువ్వూ ఓసారి గుమ్మంకేసి చూడు. మీ నాన్న కంచం పట్టుకుని ఇందాకట్నించీ అక్కడే నిలబడ్డాడు. రమ్మననా?

కోపం కాస్తా గోదాట్లోకి,
బెల్లం ముక్క బుగ్గల్లోకి.
కథేమో పెనమెక్కి కంచికి,
మనమేమో ముద్ద తిని మంచానికి.