గుమ్మానికి అడ్డంగా రేగుకంప

మా గురువుగారికి చేతులు ఖాళీగా ఉంటే మాట పెగలదు. ఎవరు ఏమడిగినా ముందు కొండచీపురు పుల్లల కట్ట ఒళ్ళోకి లాక్కుంటారు, నూగు దులుపుతారు, పుల్లలు సమంగా సర్దుతారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు. నాగావళి ఒడ్డున మా ఆశ్రమంలో జ్ఞానం ఎంత పోగయిందో చెప్పలేను కాని, చీపుళ్ళకు మాత్రం ఏనాడూ లోటు రాలేదు.

ధర్మలింగం గారు ఆ ప్రశ్న అడిగిన ఉదయం కూడా గురువుగారు చీపురే కడుతున్నారు. ధర్మలింగం గారు హెడ్మాస్టరుగా రిటైరై మా దగ్గరకొచ్చి ఏడేళ్ళయింది. వచ్చే పౌర్ణమి నుంచి ఆశ్రమమూ, దాని బడీ ఆయన చేతికి అప్పగించాలని గురువుగారు నిశ్చయించారు. ఆ మాట విని మేమంతా సంతోషించాం. ఆయన మాత్రం ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.

"స్వామీ, ఒకడు ఎప్పుడో ఒక తప్పు చేశాడు. అది ఎవరికీ తెలియదు. ఇప్పుడు వాడికి నలుగురికీ మేలు చేసే అవకాశం వచ్చింది. తప్పు బయటపెడితే అవకాశం పోతుంది. వాడు ఏం చెయ్యాలి?" అని అడిగారాయన.

'ఒకడు' అని మొదలయ్యే ప్రశ్నల్లో ఆ ఒకడు ఎవరో కనుక్కోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. అసలు సంగతి మాకు ఆ తర్వాత ఆయన నోటనే తెలిసింది. ఉద్యోగంలో ఉండగా ఒక విచారణలో తోటి మాస్టారి మీద, చూడనిది చూశానని సంతకం పెట్టారట. ఆ మాస్టారి ఉద్యోగం పోయింది. ఆయన ఇప్పటికీ పాలకొండలో ఒక అద్దెగదిలో పిల్లలకు ప్రైవేట్లు చెప్పుకుంటున్నారు. ఇదంతా గురువుగారికి ముందే తెలుసో లేదో నేను చెప్పలేను. ఆయన మొహం చూసి ఏదీ కనిపెట్టలేం.

గురువుగారు పుల్లలు సర్దుకుంటూ కల్నల్ కోదండపాణి సంగతి ఎత్తుకున్నారు.

కోదండపాణి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. తండ్రి గూడ్సుబండి గార్డు. ఇరవై రెండో ఏట సైన్యంలో ఆఫీసరుగా చేరాడు. మంచుకొండల మీద గాయపడిన ఇద్దరు జవాన్లను, ఒకరి తర్వాత ఒకరిని, వీపు మీద మోసుకుని దించాడు. అందుకు పతకం ఇచ్చారు. మాట తక్కువ మనిషి. ఉందంటే ఉంది, లేదంటే లేదు. అందుకని ఆయన మాట మీద కింది వాళ్ళకూ, పై వాళ్ళకూ గురి కుదిరింది.

కల్నల్‌గా రిటైరయ్యాక, తన దగ్గర పనిచేసిన ఒక జవాను ఇంట్లో పెళ్ళికని మన జిల్లాకు వచ్చాడు. దారిలో రోడ్డు పక్కన రేకుల షెడ్ల వరస ఒకటి చూసి బండి ఆపించాడు. అది ఏనుగురాయి కొండవాళ్ళ కాలనీ. కొండ మీద ఉండే జనాన్ని, సైన్యం ఫిరంగులు కాల్చి అభ్యాసం చేసుకోవడానికి మైదానం కావాలని, ఎప్పుడో దించేసి అక్కడ పెట్టారు. తర్వాత ఆ మైదానం అవసరం తీరిపోయింది. కొండ ఖాళీగానే ఉంది. కాని వీళ్ళు తిరిగి ఎక్కుతామంటే ఎవరూ ఎక్కనివ్వడం లేదు. ఏ ఆఫీసుకు వెళ్ళినా ఒకటే మాట: రికార్డు ప్రకారం ఆ కొండ మీద ఎప్పుడూ ఎవరూ లేరు, లేనివాళ్ళకు భూమి ఎలా ఇస్తాం?

కల్నల్‌కు ఒళ్ళు మండింది. పెళ్ళికి వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. అదే కాలనీలో ఒక షెడ్డు తీసుకుని తొమ్మిదేళ్ళు ఉండిపోయాడు. వాళ్ళతో కలిసి జిల్లా కేంద్రం దాకా నడిచాడు, నిరాహారదీక్షలు చేశాడు, లాఠీదెబ్బలు తిన్నాడు, కోర్టులో కేసు వేయించాడు. చివరికి జనమే ఆయన్ను పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టారు. ఏ పార్టీ లేదు, జెండా లేదు. అయినా గెలుస్తాడని అవతలి వాళ్ళే ఒప్పుకునే గాలి వీచింది. ఆయన గెలిచి శాసనసభలో కూర్చుంటే తమ కొండ తమకొస్తుందని ఆ జనం ఆశ.

ఆయన ప్రతి సభలోనూ ఒక సంగతి చెప్పేవాడు. కాలనీలో ఆయన పక్క షెడ్డు బిడ్డిక సుక్కమ్మది, డెబ్బై ఏళ్ళ మనిషి. కొత్తలో ఒక రోజు ఆమె పనికి పోతూ, తలుపు ఉండగానే, గుమ్మానికి అడ్డంగా ఒక రేగుకంప పెట్టడం చూశాడు. ఎందుకని అడిగాడు. "తలుపేస్తే మనుసులు నేరు, ఇల్లొగ్గేసి పోనారనుకుంటారు బాబు," అంది ఆమె. "కంపెట్టినామంటే పనికెల్లినాం, వొచ్చెస్తామని." కొండ మీద ఎవరికీ తాళాలు లేవట. కోతలప్పుడు పది రోజులు పైకొండ మీద పాకలు వేసుకుని ఉన్నా, కింద ఇళ్ళకు కంపలే కాపలా. ఈ సంగతి కల్నల్ చెబుతుంటే సభలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

పోలింగు పది రోజులుందనగా కోర్టు తెప్పించిన పాత ఫైలు నకలు ఒకటి ఆయన చేతికి వచ్చింది. అందులో, మైదానం కోసం స్థలం చూసి రమ్మని పంపిన ఆఫీసరు రాసిన నివేదిక ఉంది. కొండకు పేరు లేదు, ఒక అంకె ఉంది. కింద ఇంగ్లీషులో నాలుగు చిన్న వాక్యాలు. నలభై మూడు గుడిసెలు. గుమ్మాలకు ముళ్ళకంపలు అడ్డంగా ఉన్నాయి. వదిలిపెట్టి పోయిన ఇళ్ళు. జనసంచారం లేదు. ఆ మార్జిన్‌లో పై అధికారి ఎర్ర సిరాతో ఒక ప్రశ్న వేశాడు: వేరే నెలలో ఇంకోసారి చూసి రావడం అవసరమా? దాని కింద నీలి సిరాతో జవాబు: అవసరం లేదు. సంతకం, కెప్టెన్ కోదండపాణి.

అది అప్పటికి ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. ఆ ఏడాది ఆయన ఎన్నో గుట్టలు ఎక్కి దిగాడు, ఎన్నో కాగితాలు రాశాడు. మ్యాపులో అంకెగా ఉన్న కొండే ఏనుగురాయి అని ఆయనకు అంతవరకు తట్టలేదు.

ఇక్కడ గురువుగారు పుల్లలు పక్కన పెట్టారు. నేను ఇరవై ఏళ్ళలో ఆయన ఒట్టి చేతులతో కూర్చుని మాట్లాడటం చూసింది ఆ రోజే.

ఆ కాగితం పట్టుకుని కల్నల్ ఈ వరండాలోకే వచ్చాడని చెప్పారు. నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడని ధర్మలింగం గారికి చూపించారు. ఫైలు చాలా లావుగా ఉందట. లాయరు కూడా ఆ పుట దాకా చదవలేదు. చెబితే ఓడిపోవడం ఖాయం. ఓడితే ఆ జనానికి కొండ మళ్ళీ ఎన్నేళ్ళకో. పైగా వాళ్ళు తన ముఖం కూడా చూడరు. ఏం చెయ్యమంటారని అడిగాడు.

"నేను చాలాసేపు ఆలోచించి, ఎన్నికలు పది రోజుల్లో ఉన్నాయి, గెలిచి వాళ్ళ కొండ వాళ్ళకిప్పించి ఆ తర్వాత చెప్పు, ఇప్పుడే చెప్పడం అవసరమా అన్నాను," అన్నారు గురువుగారు. "ఆ మాటకు ఆయన తలెత్తి నాకేసి చూశాడు. సరిగ్గా ఇదే ప్రశ్న స్వామీ, అప్పుడు అవసరం లేదని రాశాను, అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు."

నాకు ఆ క్షణంలో గురువుగారి ముఖంలోకి చూడాలంటే సిగ్గేసింది. ఆయన మాత్రం దాచుకోలేదు. తన సలహా తప్పని అంత నెమ్మదిగా, పొద్దున్నే పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పారు.

ఆఖరి సభ సంతరోజున పెట్టారు. గురువుగారు కూడా వెళ్ళి బెల్లం దుకాణం పక్కన నిలబడ్డారు. కల్నల్ ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు వాక్యాలూ తెలుగులో చదివాడు. ఎర్ర సిరా ప్రశ్న చదివాడు, నీలి సిరా జవాబు చదివాడు, సంతకం చదివాడు. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు కొన్ని అలాగే ఆగిపోయాయి.

ముందు వరసలోంచి సుక్కమ్మ లేచింది.

"ఏ నెల్లో వొచ్చినారు బాబు?"

"జనవరిలో."

"కందికోతలకి ఎల్లుంటాం," అంది ఆమె, పక్కనున్న వాళ్ళతో. మళ్ళీ ఆయన వైపు తిరిగి అడిగింది: "వొరసలో మొదటిది మా ఇల్లే. మా గుమ్మానికి కంపుందా?"

"ఉందమ్మా. చూశాను."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని నడిచి వెళ్ళిపోయింది. వెనకాలే కాలనీ వాళ్ళంతా వెళ్ళిపోయారు. మర్నాటికల్లా అవతలి పార్టీ వాళ్ళు ఆటోకు మైకు కట్టి, ఊళ్ళు మాయం చేసిన కల్నల్ గారికి ఓటెయ్యండని ఊరూరా తిప్పారు. ఆయన ఓడిపోయాడు. మామూలుగా కూడా కాదు, చిత్తుగా ఓడిపోయాడు.

లెక్కింపు రోజు పట్నంలోనే ఉండిపోయి, అక్కడి నుంచే కోర్టుకు వెళ్ళాడు. ఆ నివేదిక తనదేనని, తప్పని, ఆ గుడిసెల్లో మనుషులు ఉన్నారని ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. మళ్ళీ చూసి రావడం అవసరమా అని సైన్యం తనను అడిగిందని, అవసరం లేదన్నది తానేనని కూడా రాయించాడు. ఆ పనులన్నీ అయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. తర్వాత తన ట్రంకుపెట్టె తీసుకుపోదామని కాలనీకి వచ్చాడు. ఇక అక్కడ ఉండే మొహం తనకు లేదనుకున్నాడు.

మధ్యాహ్నం వేళ. అందరూ పనుల్లోకి పోయారు, వరస వరసంతా ఖాళీగా ఉంది. ప్రతి గుమ్మానికీ కంప ఉంది. తన షెడ్డుకు ఆయన వెళ్ళేటప్పుడు తాళం వేసి వెళ్ళాడు, ఆ తాళం అలాగే ఉంది. దాని మీదుగా, గుమ్మానికి అడ్డంగా, ఒక పచ్చి రేగుకంప ఉంది. ఆకులింకా వాడలేదు. వాడినవి నాలుగైదు తీసి పక్కన పడేసి ఉన్నాయి.

అంటే ఆ పదకొండు రోజులూ ఎవరో కంప మారుస్తూనే ఉన్నారు. ఆ మాట గురువుగారు అనలేదు, నేను అనుకున్నాను. ఆపుకోలేక అక్కడే కళ్ళు తుడుచుకున్నాను.

ఆ జనానికి కొండ వచ్చిందా అని ధర్మలింగం గారు అడిగారు. వచ్చిందన్నారు గురువుగారు. రాసినవాడే తప్పని చెప్పాక ఆ కాగితానికి విలువ లేకుండా పోయింది. రెండేళ్ళకు తీర్పొచ్చి, సగం మంది కొండెక్కారు. సుక్కమ్మ అప్పటికి లేదు. కల్నల్ ఆ పై ఎన్నికల్లో గెలిచి ఐదేళ్ళు శాసనసభలో కూర్చున్నాడు, ఆ తర్వాత మళ్ళీ ఓడాడు. వాటి గురించి తెలుసుకోవాలంటే పేపర్లలో ఉంటుందన్నారు.

"ఆ కంప ఎవరు పెట్టారు స్వామీ?" అన్నారు ధర్మలింగం గారు.

"ఆయన అడగలేదు," అన్నారు గురువుగారు. "ఎండలో నిలబడి చాలాసేపు దాన్ని చూశాడట. ఈసారి తప్పు చదవలేదు."

గురువుగారు పుల్లలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. ధర్మలింగం గారు లేచి తన గదిలోకి వెళ్ళారు. కాసేపటికి చేతిసంచీతో, ఉతికిన చొక్కాతో బయటికొచ్చారు. పాలకొండ బస్సు పదిగంటలకు ఉందని, వెళ్ళి వస్తానో రానో చెప్పలేనని, పౌర్ణమికి తనకోసం చూడవద్దని అన్నారు. ఆయన గది తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి తాళం తీశారు.

గురువుగారు తల ఎత్తలేదు. చీపురుకు తాడు బిగిస్తూ అన్నారు:

"తాళమెందుకయ్యా? దొడ్లో రేగుకంప ఉంది, చూడు."